సేఫ్టీ రేజర్ ప్రీ-ఆర్డర్లు ఎందుకు లేటవుతాయి? లేత్ దగ్గర నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో మాది చిన్న మెషిన్ షాపు. జూట్ మిల్లుల స్పేర్లు, పంపు షాఫ్టులు, బుష్‌లు మా రోజువారీ పని. వాటి మధ్యలో సేఫ్టీ రేజర్ల (బ్లేడు మార్చుకుంటూ వాడే లోహపు రేజర్ల) హ్యాండిళ్లు, బ్లేడుని పట్టుకునే తలలు జాబ్‌వర్క్‌గా, అంటే వేరేవాళ్ల ఆర్డరు మీద చేస్తాం. అవి దాదాపు అన్నీ ముందు డబ్బు కట్టించుకుని తర్వాత తయారుచేసేవే. క్రౌడ్‌ఫండింగ్ అనండి, ప్రీ-ఆర్డర్ అనండి, గడువు దాటడం రెండింటిలోనూ మామూలే. అయితే ఆ ఆలస్యానికి కొన్నవాళ్లు ఊహించుకునే కారణాలు వేరు, మెషిన్ దగ్గర జరిగేది వేరు.

అపోహ: నమూనా రేజర్ వీడియోలో బ్రహ్మాండంగా గీస్తోంది. డబ్బూ వచ్చేసింది. ఇక చేసి పంపడమే కదా!

వాస్తవం: నమూనా అవడమంటే సగం పని అయినట్టు కూడా కాదు. ఒక్క పీసే అయితే మా ఫోర్‌మ్యాన్ ఫైల్ పట్టి, ఎమెరీ పేపరు రుద్ది, బిగుతుగా ఉన్నచోట సర్ది సాయంత్రానికల్లా చేతిలో పెట్టేస్తాడు. వెయ్యి పీసులకి ఆ చెయ్యి దొరకదు. మెషిన్ కోసింది కోసినట్టే సరిపోవాలి. ఏ తల తీసి ఏ హ్యాండిల్‌కి బిగించినా కుదరాలి.

ఈ విషయంలో రేజర్ చాలా మొండి సరుకు. డబుల్ ఎడ్జ్ బ్లేడు, అంటే రెండు అంచులూ పదునుండే బ్లేడు, మందం 0.1 మిల్లీమీటరు. పై ప్లేటు, కింది ప్లేటు కలిసి దాన్ని కాస్త వంచి పట్టుకుంటాయి. బ్లేడు అంచుకీ, కింది ప్లేటు మీది సేఫ్టీ బార్‌కీ మధ్య ఉండే సందుని బ్లేడ్ గ్యాప్ అంటాం. మెత్తగా గీసే రేజర్లలో అది 0.6 దరిదాపుల్లో ఉంటుంది, దూకుడు రేజర్లలో 1 మిల్లీమీటరు దాకా, కొన్నిట్లో ఆపైనా పోతుంది. ఇందులో 0.05 తేడా వచ్చిందంటే, అంటే ఒక వెంట్రుక మందం కూడా ఉండదు, రోజూ గీసుకునేవాళ్ల చెంపకి తెలిసిపోతుంది. మేం చేసే చాలా స్పేర్లలో ఆపాటి తేడాని ఎవరూ అడగరు.

గ్యాప్ సరిగ్గా రావడం ఒక ఎత్తు, రెండు వైపులా ఒకేలా రావడం ఇంకో ఎత్తు. బ్లేడుని నిలిపి ఉంచే పిన్నులు కాస్త పక్కకి జరిగాయంటే ఒకవైపు 0.75, ఇంకోవైపు 0.85 వస్తుంది. ఒకవైపు గీయదు, ఇంకోవైపు కోస్తుంది. పిన్నులు బిగుతుగా పెడదామంటే కొన్ని కంపెనీల బ్లేడ్లు దూరనే దూరవు, ఎందుకంటే బ్లేడ్ల కన్నాలు కూడా అన్నీ ఒకే కొలతలో ఉండవు. ఆ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికే నెలలు పోయిన ప్రాజెక్టులున్నాయి. బయటికి మాత్రం "చిన్న డిజైన్ మార్పు" అని ఒక్క ముక్కలో చెబుతారు.

అపోహ: స్టెయిన్‌లెస్ అయితేనే లేటవుతుంది. జింక్ రేజర్ చవక సరుకు, చిటికెలో పోత పోసేయొచ్చు.

వాస్తవం: ఏ లోహం ఆలస్యం దానిదే.

మార్కెట్లో క్రోమ్ మెరుపుతో కనిపించే చాలా రేజర్ల తలలు జమాక్ అనే జింక్ మిశ్రమంతో పోసినవి. పోత నిజంగానే త్వరగా అయిపోతుంది. ఆలస్యమంతా డైలో, అంటే పోత పోసే అచ్చులో ఉంటుంది. గట్టి స్టీలులో చెక్కిన డై నుంచి ఇంకొంచెం తీయడం తేలిక, తీసేసింది తిరిగి పెట్టాలంటే వెల్డింగ్ చేసి మళ్లీ చెక్కాలి. అందుకే తెలిసిన టూల్‌మేకర్ మొదట కావాలనే తక్కువ చెక్కుతాడు. ట్రయల్ పోత పోసి, కొలిచి, ఇంకాస్త చెక్కి, మళ్లీ పోస్తాడు. ప్రతి విడతకీ వారాలు పడతాయి. మొదటి ట్రయల్‌కే సరిగ్గా వచ్చేసిందని ఎవరైనా అంటే నేను సగమే నమ్ముతాను.

316ఎల్ స్టెయిన్‌లెస్ కథ వేరు. టూల్ కోయకుండా ఒకచోట రుద్దుకుందంటే ఆ చోటు గట్టిపడిపోతుంది, తర్వాత వచ్చే టూల్ అంచు అక్కడ పోతుంది. హ్యాండిల్ లోపల థ్రెడ్ వేయడమే చూడండి. ఇప్పటి రేజర్లలో ఎక్కువ భాగం ఎం5 (5 మిల్లీమీటర్ల) థ్రెడ్డే. 4.2 మిల్లీమీటర్ల డ్రిల్ వేసి, టాప్ (లోపలి మరలు కోసే పనిముట్టు) దించుతాం. ఇత్తడిలో పిల్లాడైనా దించగలడు. 316ఎల్‌లో టాప్ సగం దిగేసరికి చప్పుడు మారుతుంది, చేతికి కిర్రుమని తెలుస్తుంది. అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, చిప్పు విరగ్గొట్టి, కటింగ్ ఆయిల్ పోసి మళ్లీ దించాలి. ఇంకో అర చుట్టు తిప్పి చూద్దాంలే అన్నామంటే టక్కున విరుగుతుంది. లోపల ఇరుక్కున్న ముక్క హ్యాండిల్ కన్నా గట్టిది, మామూలు డ్రిల్‌కి లొంగదు. స్పార్క్ ఎరోజన్ మెషిన్ మీద తీయించాలి, లేదా స్క్రాపులో వేయాలి. అప్పటికే టర్నింగ్, నర్లింగ్ (చేతిపట్టుకి గరుకు గీతలు వేయడం) అన్నీ అయిపోయిన హ్యాండిల్ అది! గంధకం కలిసిన 303 గ్రేడు వాడితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది, కానీ తుప్పుని తట్టుకోవడంలో అది 316ఎల్‌కి సాటిరాదు. రోజూ నీళ్లలో నానే వస్తువు కాబట్టి కొన్నవాళ్లు ఒప్పుకోరు.

మూడో దారి మెటల్ ఇంజెక్షన్ మౌల్డింగ్. స్టీలు పొడిని బైండర్‌తో కలిపి అచ్చులోకి నొక్కి, బైండర్ తీసేసి, 1300 డిగ్రీల పైన కాలుస్తారు. కాలినప్పుడు పీసు 15 నుంచి 20 శాతం దాకా కుంచించుకుపోతుంది. అంత కుంచించుకుపోయాక కూడా గ్యాప్ సరిగ్గా రావాలి. ఎందుకు లేటవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: ప్లేటింగ్ అంటే చివర్లో వేసే మెరుగు. అక్కడ లేటవడానికి ఏముంటుంది?

వాస్తవం: నన్నడిగితే ప్రాజెక్టులు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ప్లేటింగ్ కొలతని మార్చేస్తుంది. రాగి, నికెల్, ఆపైన పల్చటి క్రోమ్, ఇలా పొరలు పడతాయి. కరెంటు అంచుల దగ్గర ఎక్కువగా పారుతుంది కాబట్టి పొర అంచుల్లో మందంగా, లోతుల్లో పల్చగా పడుతుంది. రేజర్లో మనకి కొలత ముఖ్యమైనదే అంచుల దగ్గర. ప్లేటింగ్‌కి ముందు ఓకే అయిన పీసు, తిరిగొచ్చాక కొలిచే గేజ్ దగ్గర ఫెయిలవుతుంది. తలకి ఉండే స్టడ్ మీద థ్రెడ్ బిగుసుకుపోతుంది. అప్పుడు వెనక్కెళ్లి మొదటి కొలతలే మార్చుకోవాలి.

పైగా మేం ప్లేటింగ్‌కి విశాఖ పంపాలి. అక్కడ పెద్ద కంపెనీల లాట్లు నడుస్తుంటాయి, మా రెండు ట్రేల సరుకు ఖాళీ దొరికినప్పుడు ముంచుతారు. వాళ్లనీ తప్పుపట్టలేం.

అపోహ: ఎంత ఎక్కువమంది డబ్బు కడితే పని అంత వేగంగా అవుతుంది.

వాస్తవం: జరిగేది తలకిందులు. రెండొందల పీసులకి వేసుకున్న ప్లాను రెండు వేలకి పనికిరాదు. మెషిన్ టైము, గేజ్‌లు, ప్యాకింగ్, రిజెక్టుల కుప్ప, అన్నీ పెరుగుతాయి. దానికితోడు టార్గెట్ దాటిన సంబరంలో "ఇంత మొత్తం వస్తే స్టాండ్ కూడా ఇస్తాం, నల్ల రంగు కూడా ఇస్తాం" అని ప్రకటిస్తారు. ఆ నల్ల రంగు ఇంకో వెండర్, ఇంకో ట్రయల్, ఇంకో తలనొప్పి.

అపోహ: గడువు దాటిందంటే మోసమే.

వాస్తవం: కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ వెబ్‌సైట్‌లోని ప్రాజెక్టుల మీద ఈథన్ మాలిక్ అనే ప్రొఫెసర్ చేసిన పరిశోధన 2014లో అచ్చయింది. వస్తువు ఇస్తామన్నవాళ్లలో 75 శాతానికి పైగా చెప్పిన తేదీ దాటాకే ఇచ్చారని అందులో తేలింది. ఆయనే 2015లో చేసిన సర్వేలో అసలు ఇవ్వకుండా పోయిన ప్రాజెక్టులు 9 శాతం దగ్గర ఉన్నాయి. అంటే ఆలస్యం మామూలు విషయం, ఎగ్గొట్టడం అరుదు. "మాది దుకాణం కాదు" అని కిక్‌స్టార్టరే 2012లో చెప్పేసింది. ఆ 9 శాతం సంగతి నేను కొట్టిపారేయను. డబ్బు కట్టేముందు పోతే పోయిందిలే అనుకోగలిగినంతే కట్టాలి.

అపోహ: ఇదంతా ఈ కాలపు స్టార్టప్‌ల జబ్బు. పాత కంపెనీలు చెప్పిన టైముకి చేసేవి.

వాస్తవం: పారేసే బ్లేడుతో రేజర్ చేయాలన్న ఆలోచన కింగ్ క్యాంప్ జిలెట్‌కి వచ్చింది 1895లో. అది అమ్మకానికి వచ్చింది 1903లో. మధ్యలో అంతకాలం ఆపింది బ్లేడే. అంత పల్చటి స్టీలుని వంకర పోకుండా గట్టిపరిచి పదును పెట్టడం కుదరదని లోహాల సంగతి తెలిసినవాళ్లే తేల్చి చెప్పారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు దానికి తగిన యంత్రాలు తయారుచేశాకే దారి దొరికింది. మొదటి ఏడు అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు రేజర్లు 90 వేలు దాటాయి. అప్పట్లో ముందుగా డబ్బు కట్టినవాళ్లు లేరు కాబట్టి ఆ ఎనిమిదేళ్లు ఎవరూ తిట్టుకోలేదు.

అపోహ: చైనాలో కాకుండా మన దగ్గరే చేయిస్తే లేటవదు.

వాస్తవం: చైనాలో కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీలు వారాల తరబడి మూస్తారు, నిజమే. మనకి పండగల్లేవా? దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఆ వారం మా షాపులో మెషిన్లు ఉంటాయి గానీ మనుషులుండరు, ఉండమని నేనూ అడగను. ఆపైన తుపాన్లు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. మా వైపు తయారయ్యే సరుకుకి ఎవరైనా అక్టోబరు డెలివరీ అని రాస్తే నేను నవంబరని చదువుకుంటాను.

ఇత్తడి పని అనగానే అందరూ శ్రీకాకుళం జిల్లా బుడితి పేరెత్తుతారు. భౌగోళిక గుర్తింపు ఉన్న పని అది. బుడితి చేతుల్లో పోసిన హ్యాండిల్ నా లేత్ మీద వచ్చే హ్యాండిల్ కన్నా అందంగా ఉంటుందని నేనే ఒప్పుకుంటాను. కానీ తల మాత్రం చేతి పోతతో తేలదు. అక్కడ కావలసింది మిల్లీమీటరులో వందో వంతుల లెక్క.

అపోహ: వెట్ షేవింగ్ (సబ్బు నురగ రాసి రేజర్‌తో గీసుకోవడం) ఇష్టపడేవాళ్లకి ఓపిక ఎక్కువ. ఎంతకాలమైనా ఆగుతారు.

వాస్తవం: ఆగుతారు, ఎందుకంటే వాళ్ల దగ్గర ఇప్పటికే నాలుగైదు రేజర్లుంటాయి. కొత్తది రాలేదని ఎవరి గడ్డమూ ఆగిపోదు. శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తారు. "ఏటి బాబూ, నా రేజరు ఇంకా అవ్వలేదేటి?" అంటారు. "ప్లేటింగ్‌కి వెళ్లింది మాస్టారూ" అంటే, "సర్లే, తొందరేటి లేదు" అని ఆ పూట ఏ సబ్బుతో, ఏ బ్లేడుతో గీసుకున్నారో చెప్పి పెట్టేస్తారు. ఇలాంటివాళ్లంటే నాకు గౌరవం. కానీ ఒక మాట చెప్పాలి. నీరసంగా సాగే ప్రాజెక్టులు బతికేది ఈ మంచివాళ్ల ఓపిక మీదే. తిట్టే కస్టమర్‌కి ముందు పంపి, మాస్టారి పీసు వెనక్కి నెట్టే నిర్వాహకుల్ని నేను చూశాను.

అందుకే "ఎప్పుడొస్తుంది?" అని అడగకండి. దానికి ఎవరైనా ఒక తేదీ చెప్పేస్తారు. "డై ఎన్నో ట్రయల్‌లో ఉంది? మొదటి బ్యాచ్‌లో రిజెక్టులెన్ని? గ్యాప్ ప్లేటింగ్‌కి ముందు కొలుస్తున్నారా, తర్వాత కొలుస్తున్నారా?" అని అడగండి. వందకి ఇరవై పోయాయని ఎవరైనా చెబితే టెన్షన్ పడకండి, అక్కడ నిజంగా పని జరుగుతోందన్నమాట. అనుమానించాల్సింది రిజెక్టులే లేవనేవాళ్లని.

అపోహ: ఇన్నాళ్లు ఆగి వచ్చిన రేజర్ కాబట్టి అన్నీ చూసే పంపి ఉంటారు.

వాస్తవం: ఆలస్యమైన లాటుని చివర్లో హడావిడిగా ప్యాక్ చేస్తారు, కాబట్టి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. బ్లేడు పెట్టి, పూర్తిగా బిగించి, కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని అంచు వెంబడి చూడండి. బ్లేడుకీ బార్‌కీ మధ్య కనిపించే వెలుగు గీత రెండువైపులా ఒకే మందంలో, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేలా ఉండాలి. తేడా కనిపిస్తే బ్లేడుని తీసి, అటు అంచు ఇటు వచ్చేలా తిప్పి పెట్టి మళ్లీ బిగించండి. తేడా బ్లేడుతో పాటు రెండోవైపుకి మారితే లోపం బ్లేడుది, ఇంకో బ్లేడుతో చూడండి. ఉన్నచోటే ఉంటే రేజర్ తలది. ఫొటో తీసి పంపి కొత్త తల అడగండి, అప్పటిదాకా పాత రేజరే వాడండి.