చింతపండు పక్కన పెట్టండి: పాత అమెరికన్ నాణేలు, అపోహలు - వాస్తవాలు

పోయిన శనివారం మా నాణేల షాపు తెరిచిన పది నిమిషాలకే ఒక పెద్దావిడ, ఆమె కొడుకు వచ్చారు. ఆ అబ్బాయి ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట, ఒక రేకు డబ్బా కొన్నాడు. అందులో పదకొండు నాణేలు: హాఫ్ సెంట్లు రెండు, రెండు సెంట్లవి నాలుగు, మూడు సెంట్ల నికెల్స్ మూడు, ఇరవై సెంట్లది ఒకటి, మూడు సెంట్ల చిన్న వెండిది ఒకటి. డబ్బా మూత తీయగానే నా గుండె జారిపోయింది. రాగివన్నీ కొత్త చెంబుల్లా ధగధగలాడుతున్నాయి.

"శుక్రవారం దీపపు కుందులు తోముతూ వీటినీ తోమేశాను బాబూ. నల్లగా ఉంటే ఎవరు కొంటారు?" అన్నారావిడ, ఎంతో సంతోషంగా.

ఆవిడను ఏమనగలను? చేతనైన మంచి చేశాననుకున్నారు. డాలస్ దగ్గర ఈ కౌంటర్ వెనక పన్నెండేళ్లుగా ఉంటున్నాను. నెలకు రెండుసార్లయినా ఇదే దృశ్యం. మన ఇళ్లలోనే కాదు, అమెరికన్లు కూడా టూత్‌పేస్టు, బేకింగ్ సోడా, వెనిగర్ పట్టించి తెస్తారు. మిగతా అపోహల సంగతి తర్వాత. ముందు దీన్ని తేల్చుకుందాం.

అపోహ: శుభ్రం చేస్తే ధర పెరుగుతుంది

పెరగదు. పడిపోతుంది. సగానికి సగం పడిపోయిన రోజులు నేను చూశాను.

రాగి నాణెం మీది ఆ గోధుమరంగు మురికి కాదు. అది రాగే. నూటయాభై ఏళ్ల గాలికీ తేమకూ మారిన పైపొర. చింతపండు పులుపు ఆ పొరను కరిగిస్తుంది. అంటే మీరు తీసేస్తున్నది దుమ్మును కాదు, నాణెం ఒంటి మీది చర్మాన్ని. పైగా ఉప్పు కలిపి రుద్దితే గీతలు. కుందికి చర్మం పోయినా మళ్లీ వెలుగుతుంది, నాణేనికి ఆ అవకాశం లేదు.

ఆవిడ తెచ్చిన వాటిలో 1864 నాటి రెండు సెంట్ల నాణేన్ని దీపం కింద పెట్టి చూశాను. అక్షరాల మొదళ్లలో, డాలు మీది నిలువు చారల సందుల్లో నలుపు అలాగే ఉంది. చుట్టూ ఖాళీ భాగమంతా వింత గులాబీరంగు. కొంచెం వంచితే ఒకే దిక్కుకు వందల సన్నని గీతలు, స్టీలు గిన్నెను పీచుతో తోమితే పడేలాంటివి. తోమని మంచి నాణేన్ని అదే దీపం కింద తిప్పితే వెలుగు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. మింట్‌లో, అంటే టంకశాలలో, అచ్చు దెబ్బకు లోహం అంచుల వైపు పారినప్పుడు పడే అతి సన్నని చారల వల్ల వచ్చే మెరుపు అది. దాన్నే లస్టర్ అంటాం. ఒకసారి పోతే ఏ కంసాలీ తిరిగి తేలేడు.

తర్వాత లెన్స్ పెట్టాను. 'ట్రస్ట్' అన్న మాట కింది ఆకుకు కాడ స్పష్టంగా కనిపించింది. అంటే అది స్మాల్ మాటో, నినాదం చిన్న అక్షరాల్లో ఉన్న అరుదైన రకం! 'ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్' అన్న మాట మొట్టమొదట ఎక్కింది ఈ రెండు సెంట్ల నాణెం మీదే, అంతర్యుద్ధం మధ్యలో. 1864లో దాదాపు రెండు కోట్లు కొట్టారు, వాటిలో అత్యధికం లార్జ్ మాటోవే. లార్జ్ మాటో అరిగినదైతే ఇరవై డాలర్లకు అటూ ఇటూ. స్మాల్ మాటో అరిగినా వంద దాటుతుంది, బాగుంటే ఇంకా ఎన్నో రెట్లు. కానీ ఇప్పుడు దాన్ని నాణేల స్థితికి మార్కులు వేసే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలకు పంపితే 70కి ఇన్ని అని అంకె రాదు. 'డీటెయిల్స్, క్లీన్డ్' అని రాసి వెనక్కి పంపుతారు. అబ్బాయి ముఖం చూసి, "అన్నా, మళ్లీ నల్లబడేలా ఏమైనా చేయొచ్చా?" అని అడుగుతాడని ముందే తెలిసిపోయింది. అడిగాడు కూడా. రంగు వేసే మందులు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి. దెబ్బ మీద అబద్ధం చేరుతుంది, అంతే.

ఈ బాధ నాకు కొత్త కాదు. మా తాతయ్య దగ్గర విక్టోరియా రాణి బొమ్మ ఉన్న అర్ధణాలు ఒక గుడ్డ సంచిలో ఉండేవి. ఒక వేసవి సెలవుల్లో ఆయన్ని సంతోషపెడదామని బావి గట్టు మీద కూర్చుని బూడిదతో అన్నీ తోమేశాను. తాతయ్య ఒక్క మాట అనలేదు. ఒక్కొక్కటే తుడిచి మళ్లీ సంచిలో వేసుకున్నారు. ఆ సంచి ఇప్పుడు నా దగ్గరే ఉంది. అందుకే ఎవరైనా తోమిన నాణెం తెస్తే విసుక్కోలేను. విసుగంతా "ఈ చిట్కాతో మీ కాయిన్ లక్షలు పలుకుతుంది" అని వీడియోలు పెట్టేవాళ్ల మీదే.

మరి నిజంగా జిగురు, నూనె పట్టి ఉంటే? పాత ప్లాస్టిక్ కవర్లలోని పీవీసీ వల్ల కొన్నిటికి పచ్చటి జిడ్డు అంటుకుంటుంది. అది తీయాల్సిందే, లేకపోతే లోహాన్ని తినేస్తుంది. స్వచ్ఛమైన అసిటోన్‌లో, గాజు గిన్నెలో, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పెట్టి నానబెట్టండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అందులో రంగులు, వాసనలు కలుపుతారు. తర్వాత ఆరనివ్వండి. రుద్దొద్దు. చేతి రుమాలుతో కూడా రుద్దొద్దు. రాగి మీద పొడిపొడిగా రేగిన పచ్చ చిలుము అయితే మీ చేత్తో అసలు ముట్టుకోకండి, తెలిసినవాళ్లకు చూపించండి.

అపోహ: అంచుకు గీతలు లేవు కాబట్టి ఇరవై సెంట్లది నకిలీ

అదే డబ్బాలోని ఇరవై సెంట్ల నాణేన్ని ఇంకో షాపులో ఎవరో "అంచు అరగదీశారు" అని తీసిపారేశారట. దాని అంచు పుట్టుకతోనే నున్నన. ఇది ఎందుకు వచ్చిందో తెలిస్తే అనుమానం తీరుతుంది. పశ్చిమ రాష్ట్రాల్లో పాత స్పానిష్ లెక్క ప్రకారం 'బిట్' అంటే పన్నెండున్నర సెంట్లు. బిట్ ఖరీదున్న వస్తువుకు ఇరవై ఐదు సెంట్ల క్వార్టర్ ఇస్తే పది సెంట్ల డైమ్ తిరిగి చేతిలో పెట్టేవారు. కొనేవాడికి రెండున్నర సెంట్లు నష్టం. అక్కడ చిన్న చిల్లర కరువు. నెవాడా సెనేటర్ జాన్ పి. జోన్స్ పట్టుబట్టి 1875లో ఈ నాణేన్ని తెప్పించారు. నెవాడా వెండి గనులకూ అది గిరాకీయే.

కానీ క్వార్టర్ వెడల్పు 24.3 మిల్లీమీటర్లు, దీనిది 22. రెండిటి మీదా కూర్చున్న లిబర్టీ బొమ్మే. తేడా తెలియాలనే అంచు నున్నగా ఉంచారు, అయినా జనం తికమకపడ్డారు. చలామణీ కోసం కొట్టింది 1875, 1876ల్లోనే. 1877లో 510, 1878లో 600, అవీ కలెక్టర్ల కోసం చేసిన ప్రూఫ్‌లు. 1876లో నెవాడాలోని కార్సన్ సిటీ మింట్‌లో పది వేలు కొట్టి దాదాపు అన్నీ కరిగించేశారు. ఇప్పుడు మిగిలినవి ఇరవై దాకా. పెద్దావిడ తెచ్చింది మాత్రం 1875 శాన్‌ఫ్రాన్సిస్కోది, పదకొండున్నర లక్షలు కొట్టిన రకం. అయినా అసలుదే. వెండికి విభూతి పట్టించారు, అదొక్కటే లోపం.

అపోహ: పాత బంగారు నాణెం ఉంటే ప్రభుత్వం పట్టుకుంటుంది

ఒక రాత్రి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. పక్కింటి అమెరికన్ ముసలాయన పాప పుట్టినప్పుడు రెండున్నర డాలర్ల బంగారు నాణెం కానుకగా ఇచ్చాడట. "అది చట్టవిరుద్ధమని ఫ్రెండ్ చెప్పింది అన్నా, గ్రీన్ కార్డుకు ఏమైనా ఇబ్బందా?" రెండు రోజులుగా నిద్ర లేదట.

ఏ ఇబ్బందీ లేదమ్మా. 1933లో రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో బంగారం దాచుకోవడం నిషేధించారు, నిజమే. కలెక్టర్లు విలువిచ్చే అరుదైన నాణేలకు అప్పుడే మినహాయింపు ఉంది. మిగతా ఆంక్షలు కూడా 1974 డిసెంబర్ 31న పోయాయి. గొడవ ఉన్నదల్లా 1933 తేదీ ఉన్న ఇరవై డాలర్ల నాణెంతో. అవి చట్టబద్ధంగా విడుదలే కాలేదు. సొంతం చేసుకోవడానికి అనుమతి ఉన్నది ఒక్కదానికే, 2021లో అది దాదాపు 1.89 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ఆ అమ్మాయిది 1925 నాటిది. బొమ్మ పైకి ఉబ్బకుండా లోపలికి దిగి ఉందని అదీ భయపడింది. ఆ డిజైనే అంత, 1908 నుంచీ.

మిగతావి త్వరగా

ఎంత పాతదైతే అంత ఖరీదు అనేది తప్పు. ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఎంతమందికి కావాలి, ఇవే లెక్క.

ఇవి చెల్లవు అనేదీ తప్పు. రెండు సెంట్లది ఈనాటికీ రెండు సెంట్లకు చెల్లుతుంది.

ఆసియా వర్తకం కోసం కొట్టిన వెండి నాణెం ట్రేడ్ డాలర్ మీది చైనా వర్తకుల ముద్రలు దెబ్బలేం కాదు, వాటికోసమే వెతికేవాళ్లున్నారు. కానీ నకిలీలు కుప్పలు. బరువు 27.22 గ్రాములు ఉండాలి, అయస్కాంతానికి అంటకూడదు. ఈ రెండూ చూడకుండా పైసా ఇవ్వకండి.

స్టెల్లా అనే అతి అరుదైన నాలుగు డాలర్ల బంగారు నాణెం గరాజ్ సేల్‌లో దొరికిందంటే, 'కాపీ' అన్న మాట ఎక్కడుందో ముందు వెతకండి.

ఊరి నుంచి ఫోన్ చేసే వాళ్లకు: పాత నాణెం కొంటామని ముందుగా ఫీజు కట్టమన్నవాడు దొంగ. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే చెప్పింది, తన పేరు వాడుకుని జరిగే ఈ వ్యాపారంతో తనకు సంబంధం లేదని.

ఇక ఆ డబ్బాలో పదకొండోది. మూడు సెంట్ల వెండి నాణెం, 14 మిల్లీమీటర్లు, గ్రాము కూడా తూగదు. ఉత్తరం ఖర్చు 1851లో ఐదు సెంట్ల నుంచి మూడుకు తగ్గినప్పుడు స్టాంపు కొనడానికి వీలుగా వచ్చింది. జనం చేప పొలుసు అనేవారు. ఇది మాత్రం పలచటి బూడిదరంగులో అలాగే ఉంది. దీన్నెందుకు తోమలేదమ్మా అని అడిగాను.

"మరీ చిన్నది కదా నాయనా, చెయ్యి జారితే సింకులో పోతుందని భయమేసింది."

తిప్పి చూశాను. రోమన్ అంకె మూడు (III) కుడిపక్కన చిన్న 'ఓ' అక్షరం. న్యూ ఆర్లియన్స్ మింట్‌ది. ఈ నాణేన్ని అక్కడ కొట్టింది 1851లో, ఆ ఒక్క ఏడాదే. దీపం కింద వంచితే చక్రం తిరిగింది.