క్లోరిన్ లేని ఈత కొలను: అపోహలు, వాస్తవాలు

ఇళ్లలోని ఈత కొలనుల నీటిని చూసుకోవడం నా వృత్తి. కొత్తగా కొలను కట్టించుకున్నవారు నీళ్లు నింపకముందే అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "క్లోరిన్ లేకుండా కుదరదా అండీ?" ఆ అడగడంలోనే చేతిలో ఓ రంగుల కరపత్రం ఉంటుంది. ఉప్పు, అతినీలలోహిత (యూవీ) కిరణాలు, ఓజోన్, రాగి అయాన్లు (విద్యుదావేశమున్న రాగి కణాలు)... వీటిలో పనికిరానిది ఏదీ లేదు. చిక్కంతా అవి చేయని పనిని కూడా వాటి ఖాతాలో వేయడంలోనే ఉంది. ఏ యంత్రం ముందు నిలబడ్డా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఒక పిల్లవాడు ఇప్పుడే నీళ్లలో దూకాడు. వాడి ఒంటి మీది క్రిమి పక్కనే ఈదుతున్న చెల్లెలి నోట్లోకి వెళ్లేలోపు, ఆ నీళ్లలోనే దాన్ని చంపేది ఏది?

అపోహ: ఉప్పునీటి కొలనులో క్లోరిన్ ఉండదు.

వాస్తవం: అది అచ్చంగా క్లోరిన్ కొలనే. క్లోరిన్ డబ్బాలో రావడానికి బదులు గొట్టం మధ్యలో బిగించిన సెల్‌లో తయారవుతుంది, అంతే తేడా. లీటరు నీటికి సుమారు 3 గ్రాముల ఉప్పు కలుపుతారు. సముద్రపు నీటిలో ఇది 35 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి నోటికి పెద్దగా తెలియదు. అయినా 50,000 లీటర్ల కొలనుకు 150 కిలోలు పోయాల్సిందే. సెల్‌లోని టైటానియం పలకల మధ్య కరెంటు పారితే ఉప్పులోని క్లోరైడు క్లోరిన్‌గా మారుతుంది, క్రిములను చంపుతుంది, మళ్లీ క్లోరైడు అయిపోతుంది. అందుకే ఉప్పు ఖర్చు కాదు. చిందిన నీటితోనో, ఫిల్టర్ కడిగిన నీటితోనో బయటికి పోయినదాన్ని భర్తీ చేస్తే చాలు.

ఈ పద్ధతి నాకు ఇష్టమే. క్లోరిన్ కొద్దికొద్దిగా, నిలకడగా అందుతుంది. అయితే దీనికో గుణం ఉంది: నీటి పీహెచ్‌ను, అంటే నీరు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే కొలతను, పైకి లాగుతూ ఉంటుంది. ఒకసారి ఒకాయన ఫోను చేశారు, యంత్రాన్ని నూటికి నూరు శాతం మీద పెట్టినా నీళ్లు పచ్చబడుతున్నాయని. వెళ్లి సెల్ విప్పితే పలకల మధ్య తెల్లటి సున్నపు పెచ్చు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి వైపు కనిపించలేదు. పీహెచ్ 8.2. "ఉప్పు యంత్రం పెట్టించాం కదా, ఇంకా పరీక్షలు దేనికి అనుకున్నాను" అన్నారాయన. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుకైన రూపంలో ఉంటుంది. 8కి చేరేసరికి అది పావు వంతుకు పడిపోతుంది. పెచ్చు కట్టిన సెల్ నుంచి వచ్చే క్లోరిన్ తక్కువ, అందులో పనిచేసేది మరీ తక్కువ. పలకలను పలుచటి ఆసిడ్‌లో నానబెడితే పెచ్చు పొంగి కరిగిపోయింది. అప్పటికే స్క్రూడ్రైవరుతో గీకిన ఒక పలక మీద మాత్రం పైపూత లేచిపోయింది, దాన్ని ఇక ఎవరూ బాగుచేయలేరు.

అపోహ: ఘాటు వాసన వస్తోందంటే క్లోరిన్ ఎక్కువైందని అర్థం.

వాస్తవం: చాలాసార్లు నిజం దీనికి తలకిందులుగా ఉంటుంది. ఆ వాసన, ఆ కళ్ల మంట క్లోరమైన్లవి. చెమట, మూత్రం మోసుకొచ్చిన నత్రజనితో క్లోరిన్ కలిసిపోయి పుట్టేవి ఇవి. అలాంటి నీటికి కావలసింది క్లోరిన్ మానేయడం కాదు, ఆ క్లోరమైన్లు విరిగిపోయేంత మోతాదు ఒక్కసారిగా వేయడం. దిగేముందు ఒంటి మీద నాలుగు చెంబులు పోసుకుంటే అంత దాకా రాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినేవారు తక్కువ.

అపోహ: యూవీ దీపం ఉంటే ఇంకేమీ అక్కరలేదు.

వాస్తవం: యూవీ గొప్ప పనే చేస్తుంది, కానీ గొట్టం లోపల. 254 నానోమీటర్ల కాంతి క్రిమి జన్యువులను దెబ్బతీసి పెరగకుండా చేస్తుంది. క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమి ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న నీటిలో ఈ.కోలై అనే పేగుల బ్యాక్టీరియా నిమిషంలోపే చస్తే, ఇది పది రోజులు బతకగలదు. యూవీకి మాత్రం ఇది సులువుగా లొంగుతుంది. దీన్ని బట్టి యూవీ క్లోరిన్‌కు మంచి తోడు అనాలి, బదులు అనకూడదు.

ఎందుకంటే గోడకు పట్టిన నాచు తనంతట తాను గొట్టంలోకి నడిచి రాదు. ఇంకో లెక్క కూడా చూడండి. కొలనులో ఎంత నీరుందో అంతా పంపు ఒక విడత తిప్పిందనుకుందాం. మొత్తం శుభ్రమైందా? కాలేదు. శుభ్రమైన నీరు వచ్చి పాత నీటితోనే కలుస్తుంది, అందులో కొంత మళ్లీ గొట్టంలోకి వెళుతుంది. బాగా కలిసే కొలనులో సైతం ఒక విడతకు సుమారు 37 శాతం నీరు దీపాన్ని చూడకుండానే మిగిలిపోతుంది. పైగా దీపం నీలంగా వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. చంపే కాంతి కంటికి కనిపించదు, కనిపించే వెలుగు కన్నా ముందే అది తగ్గిపోతుంది.

ఓజోన్ సంగతీ ఇంతే. క్లోరిన్ కన్నా బలమైనది, కానీ నీటిలో ఎక్కువసేపు నిలవదు. నిలవకపోవడమే మేలు కూడా. అది నీటి ఉపరితలానికి చేరి గాలిలో కలిస్తే ఊపిరితిత్తులకు హాని.

అపోహ: రాగి, వెండి అయాన్లు అంతరిక్ష పరిజ్ఞానం, అవి ఉంటే క్లోరిన్ మానేయవచ్చు.

వాస్తవం: 1960లలో అపోలో వ్యోమనౌకల తాగునీటి కోసం నాసా వెండి అయాన్ల పరికరాన్ని రూపొందించిన మాట నిజమే. కానీ అది మూతపెట్టిన తొట్టిలోని నీరు, అందులోకి ఎవరూ దూకరు. రాగి నాచును బాగా అణుస్తుంది. బ్యాక్టీరియాను చంపడానికి మాత్రం తాపీగా సమయం తీసుకుంటుంది, అందుకే కొద్దిగా క్లోరిన్ ఎలాగూ కావాలి. మోతాదు మించితే గోడల మీద మరకలు పడతాయి. ఈతగాళ్ల జుట్టు ఆకుపచ్చగా మారితే క్లోరిన్‌ను తిడతారు కానీ, ఆ రంగు రాగిది. నెరిసిన జుట్టులో ఇంకా బాగా కనిపిస్తుంది.

అపోహ: క్లోరిన్‌కు నిజమైన బదులే లేదు.

వాస్తవం: ఉంది. బైగ్వనైడ్ అనే ద్రవం నీటిలోనే ఉండి క్రిములను చంపుతుంది. దానికి తోడుగా అప్పుడప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తారు. కంటికి హాయిగా ఉంటుంది. కాకపోతే కొన్నేళ్లకు దానికి అలవాటుపడిన జిగురు పాకురు పట్టే అవకాశం ఉంది, ఫిల్టర్ త్వరగా బిగుసుకుపోతుంది. దీనికీ క్లోరిన్‌కూ అసలు పడదు. అటునుంచి ఇటు మారదలచి అదే నీటిలో క్లోరిన్ పోస్తే నీరంతా మురికి రంగుకు తిరుగుతుంది. బ్రోమిన్ కూడా నమ్మదగినదే, అయితే ఎండకు త్వరగా విరిగిపోతుంది. నీడన ఉన్న వేడినీటి తొట్టెలకే దాన్ని సూచిస్తాను.

అపోహ: పరీక్షలో రంగు రాకపోతే క్లోరిన్ లేనట్టే.

వాస్తవం: నీటిలో క్లోరిన్ ఎంతుందో గులాబీ రంగుతో చెప్పే డీపీడీ పరీక్షలో క్లోరిన్ విపరీతంగా ఉన్నా రంగు రాదు, ఎందుకంటే క్లోరినే ఆ రంగును విరిచేస్తుంది. "సున్నా చూపిస్తోంది" అంటూ రెండు రోజులుగా క్లోరిన్ గుమ్మరిస్తున్న ఇంటికి ఒకసారి వెళ్లాను. నమూనాకు రెండింతల శుభ్రమైన నీరు కలిపి మళ్లీ మందు వేస్తే సీసా ముదురు గులాబీ రంగుకు తిరిగింది. రంగు పట్టికలో ఆఖరి గడి కూడా దానికి చాలలేదు. ఆ వారమంతా పిల్లలను నీళ్లలోకి దింపవద్దని చెప్పి, కొలను మీద కప్పిన పట్టా తీయించి, ఎక్కువైన క్లోరిన్ ఎండకు విరిగిపోయేలా చేశాం.