చేప ఒంటి మీద పచ్చబొట్టు

అక్వేరియం షాపులో నీలం కోయి చేపను చూసిన ఓ పాఠకుడు, ఆ నీలం ఏ రంగు పదార్థం వల్ల వస్తుందని అడిగారు. దాని ఒంట్లో నీలం పదార్థమే లేదండీ! ఉన్నది నలుపు.

ఆ రకం పేరు అసాగి. జపాన్‌లోని నీగాటా కొండపల్లెల్లో రైతులు చలికాలం తినడానికని చెరువుల్లో కార్ప్ చేపలు పెంచేవారు. 19వ శతాబ్దంలో వాటిలో తేడా రంగు పిల్లలు కనిపిస్తే కూరలో వేయకుండా దాచారు. కోయి చేపల కథంతా అక్కడ మొదలైంది. వాటిలో బాగా పాతది అసాగి: వీపు మీద నీలపు వల, బుగ్గలకీ పొట్ట పక్కలకీ ఎరుపు.

మా అమ్మమ్మ చేతి మీద పచ్చబొట్టు ఉండేది. పొడిచింది నల్లటి మసితో, కనిపించేది పచ్చగా, కాస్త నీలంగా. అదే మసి చర్మం పైన రాస్తే నలుపే. లోపలికి దిగితేనే ఈ మాయ. వెలుతురులోని నీలం భాగం పైపొరల్లోనే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. ఎరుపు భాగం లోతుకు పోయి, మసి చేతికి చిక్కుతుంది. పసిపిల్లల నడుము మీది నీలి మచ్చలదీ ఇదే లెక్క, లోతున ఉన్న మెలనిన్ అనే నల్ల రంగు పదార్థం. గ్రహణానికీ వాటికీ సంబంధం లేదు.

అసాగి ఇంకో మెట్టు ఎక్కింది. మెలనిన్ నిండిన నల్లని మెలనోఫోర్ కణాల పైన, వెలుతురును తిప్పికొట్టే ఇరిడోఫోర్ కణాలు ఉంటాయి. వాటిలో గ్వానిన్ పలకలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. అవును, డీఎన్‌ఏలోని గ్వానినే. ఆ దొంతరలు పొట్టి తరంగాలను, అంటే నీలం వెలుతురును, వెనక్కి కొడతాయి, మిగతా వెలుతురును కింది నలుపు మింగేస్తుంది. నలుపు లేకపోతే అంతా కలిసిపోయి నీలం వెలవెలబోతుంది. ఎరుపు మాత్రం నిజంగా రంగే. ఆ ఎరుపునిచ్చే కెరోటినాయిడ్లనే పదార్థాలను చేప తయారు చేసుకోలేదు, మేతలోంచే రావాలి. అందుకే అవి ఉండే స్పిరులినా అనే నాచును మేతలో కలుపుతారు.

అసాగి అంటే లేత ఉల్లికాడ! నీలం చేపకు ఉల్లి పేరేమిటని నవ్వకండి, మసిబొట్టును పచ్చబొట్టు అన్నవాళ్లం మనం.

1910లో అకియామా యోషిగోరో అనే జపాన్ చేపల పెంపకందారు ఈ అసాగిని జర్మనీ నుంచి వచ్చిన మిర్రర్ కార్ప్‌తో కలిపి షుసుయి అనే రకం తీశారు. మిర్రర్ కార్ప్‌లో పొలుసుల ఎదుగుదలకు కావలసిన ఎఫ్‌జీఎఫ్ఆర్1 అనే జన్యువు ఒకటి చెడి ఉంటుంది. కార్ప్‌కు ఆ జన్యువు రెండు నకళ్లు ఉండడంతో చేప బతికిపోతుంది, పొలుసులు మాత్రం చాలావరకు పోతాయి. అలా షుసుయి వీపు మీద పెద్ద పొలుసుల వరుస మిగిలింది. వీపు మీద మిగతాదంతా నున్నటి లేతనీలం చర్మం.