వెనక టైరు ఎంత లావైతే అంత గ్రిప్పా? స్పోర్ట్ బైకు టైరు సైజుపై అపోహలు - వాస్తవాలు

అపోహ: టైరు లావైతే గ్రిప్ పెరుగుతుంది.

వాస్తవం: రోడ్డుకి ఆనే జాగా ఎంతన్నది ముఖ్యంగా బండి మీది బరువు, టైరులోని గాలి తేలుస్తాయి. వెడల్పు పెంచితే ఆ జాగా ఆకారం మారుతుంది, విస్తీర్ణం పెద్దగా మారదు. గ్రిప్ కావాలంటే మంచి కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం) ఉన్న టైరు కొనండి, అదే సైజులో. పైగా లావు టైరుతో అదే మలుపు అదే వేగంతో తిరగాలంటే బండిని ఇంకాస్త వంచాలి. శ్రీశైలం ఘాట్‌లో ఎడమ నుంచి కుడికి వెంటవెంటనే వంచేటప్పుడు ఆ అదనపు శ్రమ చేతులకి తెలుస్తుంది.

అపోహ: 140 మి.మీ. వెడల్పు టైరు బదులు 150 వేస్తే 10 మి.మీ. తేడా, అంతే.

వాస్తవం: ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. యమహా ఆర్15 వి3కి కంపెనీ ఇచ్చేది 140/70 ఆర్17. పక్కగోడ ఎత్తు 140లో 70 శాతం, అంటే 98 మి.మీ. 17 అంగుళాల రిమ్ము 431.8 మి.మీ.కి రెండు పక్కగోడలు కలిపితే మొత్తం ఎత్తు 627.8. అదే 150/60కి పక్కగోడ 90, మొత్తం 611.8 మి.మీ. టైరు లావైంది, బండి వెనక మాత్రం 8 మి.మీ. కిందికి దిగింది! ముందు ఫోర్కు ఇంకాస్త వాలి, మలుపులోకి దిగే చురుకు తగ్గుతుంది. చుట్టుకొలత 2.5 శాతం తగ్గింది గనక అదే స్పీడులో ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ముందు, వెనక చక్రాల వేగాలు పోల్చి చూసే లెక్క కూడా మారుతుంది. 150/70 వేస్తే దీనికి తలకిందులు: వెనక 7 మి.మీ. లేస్తుంది.

అపోహ: రిమ్ము మీద కూర్చుందంటే సరిపోయినట్టే.

వాస్తవం: మీ చక్రం మీద పోతపోసిన అక్షరాలు వెతకండి, "17 × ఎంటీ 4.00" లాగా ఉంటాయి. ఆ 4.00 రిమ్ము వెడల్పు, అంగుళాల్లో. 140/70కి ప్రమాణ రిమ్ము 4.00, 160/60కి 4.50. లావు టైరుని ఇరుకు రిమ్ముకి బిగిస్తే పక్కగోడలు లోపలికి గుంజుకుని నడిభాగం కోసుగా లేస్తుంది. నడుమ అరిగిపోతుంది, అంచుల్లో రబ్బరు కొత్తదానిలా మిగులుతుంది. అది చూసి ఇంకా వంచాలేమో అనుకోకండి. ఆ అంచు పక్కకి తిరిగిపోయింది, రోడ్డుకి సరిగ్గా ఆనదు.

చైన్ వైపు సందు కూడా చూడాలి. కొత్త చైన్ వేసినప్పుడు చక్రం బాగా ముందుకి ఉంటుంది, కొలత అప్పుడే తీయండి. ఒకే సైజైనా కంపెనీని బట్టి అసలు వెడల్పు మారుతుంది, వేగంలో టైరు కాస్త ఉబ్బుతుంది కూడా. పక్కగోడ మీద నల్లటి గ్రీజు గీత కనబడితే చైన్ రాసుకుంటోందని అర్థం.

అపోహ: సైజు కలిస్తే ఏ టైరైనా ఒకటే.

వాస్తవం: సైజు పక్కన 66హెచ్ అని ఉంటే 300 కిలోల బరువు, గంటకి 210 కి.మీ. వేగం వరకు పనికొస్తుందని. హెచ్ అన్నది వేగానికి గుర్తు; దాని బదులు ఎస్ అయితే 180, పి అయితే 150. కంపెనీ చెప్పినదానికంటే తక్కువది వేయకండి. పక్కగోడ మీది నాలుగంకెల తయారీ గుర్తు 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. బిగించేటప్పుడు బాణం గుర్తు తిరిగే దిక్కుకే ఉండాలి. ఇక పక్కగోడ మీద రాసిన గరిష్ఠ పీడనం మీరు నింపాల్సిన గాలి కాదు. నింపాల్సిన లెక్క బండి మీది స్టిక్కరులో ఉంటుంది, అదీ టైరు చల్లగా ఉన్నప్పటిది.