పిల్లల మెదడులో తెల్లమచ్చలు: ఎంఆర్‌ఐ ఏం చెప్పగలదు?

పదకొండేళ్ల పాపకు నాలుగు రోజులుగా కుడికంటి చూపు మసకబారుతోంది, కన్ను అటూ ఇటూ తిప్పితే నొప్పి వస్తోంది, ఆ కంటితో చూస్తే ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. డాక్టరు మెదడుకూ వెన్నుపాముకూ ఎంఆర్‌ఐ రాశారనుకుందాం. ‘మెదడు తెల్ల పదార్థంలో పలుచోట్ల మచ్చలు’ అన్న వాక్యం రిపోర్టులో చూడగానే తల్లిదండ్రులు ఫోనులో వెతుకుతారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్న పేరు ఎదురవుతుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. కానీ ఆ వాక్యం మచ్చలున్నాయని మాత్రమే చెప్పింది, జబ్బు పేరు చెప్పలేదు.

మెదడులో, వెన్నుపాములో నాడీ తంతువులను చుట్టుకుని మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఆ పొర ఉన్నచోట సంకేతం వేగంగా సాగుతుంది, ఊడిన చోట మందగిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే ఆ పొరను దెబ్బతీస్తుంది. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో, చనిపోయిన రోగుల మెదళ్లలో గట్టిపడిన మచ్చలను వారు బతికుండగా పడిన బాధలతో జోడించి ఈ జబ్బును వర్ణించాడు. ఎక్కువగా యౌవనంలో మొదలయ్యే జబ్బే అయినా, రోగుల్లో సుమారు 3 నుంచి 5 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే తొలి లక్షణం కనిపిస్తుంది. పిల్లల్లో ఇది దాదాపు ఎప్పుడూ వచ్చి, తగ్గి, తిరగబెట్టే రూపంలోనే ఉంటుంది, తొలి ఏళ్లలో పెద్దల్లో కంటే తరచుగా తిరగబెడుతుంది.

షార్కో తన రోగులు చనిపోయాకే చూడగలిగిన మచ్చలను బతికున్న మనిషిలో చూడడానికి శతాబ్దానికి పైగా పట్టింది. 1981లో లండన్ వైద్యులు ఈ రోగుల మెదళ్లను ఎంఆర్‌ఐతో చిత్రించినప్పుడు, సీటీ స్కాన్‌లో కనబడని మచ్చలెన్నో బయటపడ్డాయి. ఎంఆర్‌ఐలో ఎక్స్‌రేలు ఉండవు. భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30 వేల రెట్లుండే 1.5 టెస్లా క్షేత్రంలో, శరీరపు నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగాలకు స్పందించి తిరిగి ఇచ్చే సంకేతమే బొమ్మగా మారుతుంది. మైలిన్ దెబ్బతిన్న చోట నీరు పెరుగుతుంది కాబట్టి, టీ2 అనే రకం బొమ్మలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. మెదడు లోపలి కుహరాల్లోని ద్రవం కూడా అలాగే మెరిసి పక్కనున్న మచ్చను కప్పేస్తుంది కనుక, ద్రవాన్ని నల్లగా మార్చి మచ్చను మాత్రం తెల్లగా నిలిపే ఫ్లెయిర్ అనే పద్ధతిని వాడతారు. అయితే ఆ తెలుపు నీరు పెరిగిందని చెబుతుందే తప్ప ఎందుకు పెరిగిందో చెప్పదు. మైగ్రేన్ ఉన్నవారి మెదడులోనూ చిన్న తెల్ల చుక్కలు కనబడుతుంటాయి.

పిల్లల్లో ఈ చిక్కు మరింత ముదురుతుంది. ఏడెమ్ అనే జబ్బు సాధారణంగా పదేళ్లలోపు పిల్లల్లో, చాలాసార్లు ఏదో ఇన్ఫెక్షన్ తగ్గిన కొద్దిరోజులకు వస్తుంది. పిల్లలు మగతగా పడి ఉంటారు, అయోమయంగా మాట్లాడతారు. వారి స్కాన్‌లో మచ్చలు పెద్దవిగా, అంచులు స్పష్టంగా లేకుండా, మెదడు రెండు వైపులా పరచుకుని, లోతున ఉన్న థాలమస్‌లో కూడా కనిపిస్తాయి. చాలామందిలో ఇది ఒక్కసారి వచ్చి పోతుంది. మైలిన్ మీదుండే మాగ్ అనే ప్రొటీన్‌పై శరీరపు యాంటీబాడీలే దాడిచేసే మాగ్ యాంటీబాడీ జబ్బు మరొకటి, దాన్ని రక్తపరీక్షతో పట్టుకుంటారు. 2023లో దీనికి అంతర్జాతీయ నిర్ధారణ ప్రమాణాలు వచ్చాయి. ఈ పరీక్ష లేని రోజుల్లో ఇలాంటి పిల్లల్లో కొందరిని మల్టిపుల్ స్క్లెరోసిస్ కిందే లెక్కగట్టారు. వెన్నుపాములో మూడు వెన్నుపూసల పొడవుకు మించి సాగే మచ్చ కనబడితే కంటినాడినీ వెన్నుపామునూ ఎక్కువగా దెబ్బతీసే ఎన్ఎంఓ అనే ఇంకో జబ్బును కూడా అనుమానించాలి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే మందుల్లో కొన్ని ఎన్ఎంఓను రేపుతాయి కాబట్టి ఇక్కడ పేరు తప్పితే పిల్లలకే నష్టం.

అందువల్ల అనుభవమున్న కళ్లు మచ్చలను లెక్కపెట్టడంతో సరిపెట్టుకోవు, అవి ఎక్కడ, ఏ ఆకారంలో ఉన్నాయో చూస్తాయి. మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కాలోసమ్‌ను పక్కనుంచి చూపే ఫ్లెయిర్ బొమ్మలో, దాని అంచు నుంచి కోలగా, నిటారుగా పైకి లేచే మచ్చలు ఎత్తిపట్టిన వేళ్లలా కనిపిస్తాయి. 1916లో స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ డాసన్ వర్ణించినందున వీటిని డాసన్ వేళ్లు అంటారు. వాపు చిన్న సిరల చుట్టూ పుడుతుంది, ఆ సిరలు అదే దిశలో సాగుతాయి కాబట్టే మచ్చకు ఆ ఆకారం. కొన్ని ప్రత్యేక చిత్రాల్లో మచ్చ నడుమ సన్నని నల్లగీతగా ఆ సిర కూడా కనిపిస్తుంది. టీ1 అనే మరో రకం బొమ్మలో నల్లగా కనబడే మచ్చలు మరో ఆధారం. తొలి దాడి వచ్చిన పిల్లల్లో ఇలాంటి నల్లమచ్చ, కుహరాల పక్క మచ్చ రెండూ ఉంటే అది తర్వాత మల్టిపుల్ స్క్లెరోసిస్‌గా తేలే అవకాశం చాలా ఎక్కువని 2011లో ఒక కెనడా అధ్యయనం చూపింది.

2001లో మొదలై ఎన్నోసార్లు సవరణ పొందిన, మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను నిర్ధారించే మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు రెండు రుజువులు అడుగుతూ వచ్చాయి. కుహరాల పక్కన, మెదడు పైపొరలో లేదా దాన్ని ఆనుకుని, చిన్నమెదడు లేదా మెదడు కాండంలో, వెన్నుపాములో, ఈ నాలుగింటిలో కనీసం రెండు చోట్ల మచ్చలుండాలి. అవి వేర్వేరు సమయాల్లో పుట్టాయనీ తేలాలి. 2024 సవరణ కంటినాడిని అయిదో చోటుగా చేర్చింది, కొన్ని సందర్భాల్లో కాలపు రుజువును సడలించింది. గాడోలినియం ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ తెరుచుకున్న కొత్త మచ్చల్లోకే మందు చేరి అవి మెరుస్తాయి, పాతవి మెరవవు. ఆ మెరుపు కొద్ది వారాలే ఉంటుంది. ఒకే స్కాన్‌లో మెరిసేవీ మెరవనివీ కలిసి ఉంటే కాలపు రుజువు దొరికినట్టే. ఏడెమ్ లక్షణాలతో వచ్చిన పిల్లలకు మాత్రం తొలి స్కాన్‌తోనే ఈ లెక్క వేయకూడదని 2017 సవరణ హెచ్చరించింది. పదకొండేళ్లలోపు పిల్లల్లో మరింత జాగ్రత్త కోరింది. వారికి కొన్ని నెలలు ఆగి మళ్లీ స్కాన్ తీయడమే దారి. ఆ నిరీక్షణ తల్లిదండ్రులకు నరకమని తెలిసినా, తొందరపడి పేరు పెట్టడం కంటే అదే మేలని నా నమ్మకం.

మెదడుకూ వెన్నుపాముకూ కలిపి స్కాన్‌కు ముప్పావుగంట పైనే పట్టవచ్చు. అంతసేపు ఇరుకు గొట్టంలో, సుత్తితో కొట్టినట్టుండే చప్పుళ్ల మధ్య కదలకుండా పడుకోవాలి. తల కాస్త కదిలినా బొమ్మ అలుక్కుపోతుంది. అందుకే చిన్నపిల్లలకు మత్తు ఇస్తారు. కొన్నిచోట్ల నకలు యంత్రంలో ముందే పడుకోబెట్టి, ఆ చప్పుళ్లు వినిపించి అలవాటు చేస్తారు. మత్తు తప్పించే ఈ ఓపికైన పద్ధతికి ఇంకా ఎక్కువ చోటు దక్కాలి. గాడోలినియం మెదడులో లేశమాత్రంగా మిగులుతుందని తేలాక, హాని రుజువు కాకపోయినా, పిల్లలకు ప్రతిసారీ దాన్ని ఇవ్వకుండా అవసరమైనప్పుడే ఇవ్వడం మొదలైంది.

నిర్ధారణ జరిగిన పిల్లలకు 2018 నుంచి ఒక దారి తెరుచుకుంది. పదేళ్లు, అంతకు పైబడిన వారికి ఫింగోలిమాడ్ మాత్రను అమెరికా నియంత్రణ సంస్థ ఆ ఏడాది అనుమతించింది. ఎదిగే వయసులో ఈ జబ్బు మెదడు పెరుగుదలనే తగ్గిస్తుంది కాబట్టి పేరు ఖాయమయ్యాక మందు ఆలస్యం కాకూడదు. ఆ పాపకు ఆరు నెలల తర్వాత తీసిన స్కాన్‌ను రేడియాలజిస్టు పాత బొమ్మల పక్కన పెట్టి, ఒకే కోణం, ఒకే మందం ఉన్న ముక్కలను జంటలుగా చూస్తాడు. కొత్త మచ్చ పుట్టిందా, పాతది కరిగిందా అన్నది అక్కడ తేలుతుంది. అందుకు రిపోర్టు కాగితం చాలదు, తొలి స్కాన్ బొమ్మలున్న సీడీ కూడా కావాలి.