రేడియేషన్ ఉంది సరే, ఎక్కడుంది?

కృష్ణపట్నం లాంటి పోర్టులో రేడియేషన్ అలారం మోగిందంటే దొంగసరుకే అయి ఉండాలని లేదు. మన రైతులు వాడే పొటాష్ చాలు. పొటాషియంలో దాదాపు పదివేలకు ఒకటి పొటాషియం-40 పరమాణువు. 50 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో ఇవి సెకనుకు 7 లక్షలకు పైగా క్షయిస్తుంటాయి, వాటిలో సుమారు పదో వంతు గామా కిరణాలు వదులుతాయి. బస్తా మోసే మనిషికి దానివల్ల ఏమీ కాదు. కానీ లారీ నిండా వేస్తే, గేటు దగ్గర రేడియేషన్ పట్టే యంత్రం, అంటే పోర్టల్ మానిటర్, పసిగడుతుంది. టైల్స్‌తోనూ, కొన్ని గ్రానైట్లతోనూ ఇదే టెన్షన్. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మాత్రం ఈ విషయంలో బుద్ధిగలది. అది నిజానికి గాబ్రో జాతి రాయి, అందులో రేడియేషన్ ఇచ్చే పొటాషియం, థోరియం తక్కువ.

అసలు భయం స్క్రాప్‌తో. ఢిల్లీ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి వాడకుండా పడున్న గామా యంత్రాన్ని 2010లో వేలం వేశారు. అది మాయాపురి స్క్రాప్ బజారు చేరింది. లోపల గట్టి గామా కిరణాలు వదిలే కోబాల్ట్-60 ఉందని కొన్నవాళ్లకు తెలియదు. విడగొట్టారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు.

రేడియేషన్ ఉందో లేదో చెప్పడం పాత విద్యే. గైగర్, ముల్లర్ 1928లోనే ట్యూబు తయారుచేశారు. కానీ ఆ ట్యూబు 'ఉంది' అంటుందే తప్ప 'ఎక్కడ' అనదు. మీటరు పట్టుకుని కంటైనర్ చుట్టూ తిరుగుతూ, ఎక్కడ లెక్క పెరిగితే అటు జరుగుతూ వెతకాలి. వెతికే మనిషికి ఆసరికి డోసు పడనే పడుతుంది.

వెలుతురుకు లెన్సు ఉంది. గామా కిరణం గాజులోంచి వంగకుండా దూసుకుపోతుంది. 1950ల చివర్లో అమెరికాలో హాల్ యాంగర్ సోడియం అయోడైడ్ స్ఫటికంతో గామా కెమెరా చేశాడు. ఆస్పత్రుల్లో ఆ పద్ధతి నేటికీ నడుస్తోంది, కానీ సీసం బరువుతో అది సులువుగా కదిలే వస్తువు కాదు. దారి చూపింది ఖగోళ శాస్త్రం. ఒక్క చిన్న రంధ్రం పెడితే వచ్చే కిరణాలు చాలవు. అందుకే ఒక లెక్క ప్రకారం బోలెడు రంధ్రాలున్న పలక అడ్డం పెట్టి, దాని నీడను బట్టి దిక్కు తేల్చవచ్చని 1968లో డికీ, ఏబుల్స్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా చెప్పారు.

అలాంటి పలక మన శ్రీహరికోట నుంచే ఆకాశానికి వెళ్లింది. 2015 సెప్టెంబరు 28న, శ్రీహరికోట ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉన్నప్పుడు, ఎగిరిన ఖగోళ పరిశీలన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో ఆ రంధ్రాల పలక, దాని కింద కాడ్మియం జింక్ టెల్లురైడ్ స్ఫటికాలు ఉన్నాయి. జెర్మేనియం డిటెక్టరైతే ద్రవ నైట్రోజన్‌తోనో, కరెంటుతో నడిచే కూలర్‌తోనో బాగా చల్లబరచాలి. ఈ స్ఫటికానికి ఆ గొడవ లేదు, గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది. గామా కెమెరా చేత్తో పట్టుకునేలా రావడానికి ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం.

పలక కూడా అక్కర్లేని పద్ధతి ఇంకొకటి ఉంది. గామా కిరణం స్ఫటికంలో ఒకచోట ఎలక్ట్రాన్‌ను గుద్ది, కొంత శక్తి వదిలి, దారి మళ్లి ఇంకోచోట ఆగుతుంది. రెండుచోట్లా ఎంతెంత శక్తి దిగిందో కొలిస్తే, ఏ కోణంలో మళ్లిందో 1923 నాటి కాంప్టన్ సూత్రం చెబుతుంది. అంటే అది ఫలానా శంకువు మీద ఎక్కడినుంచో వచ్చిందన్నమాట. అలాంటి శంకువులు వందలు గీస్తే, ఎక్కువ కలిసేచోటే సోర్స్. ఆ చుక్కను మామూలు ఫొటో మీద రంగులో చూపిస్తారు. శక్తి కూడా తెలుస్తుంది కాబట్టి 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టులైతే పొటాష్, 1173, 1332 జంటగా వస్తే కోబాల్ట్. ఉపగ్రహం కోసం తయారైన పరిజ్ఞానంతో చేసిన ఇలాంటి కెమెరానే 2012లో జపాన్ అంతరిక్ష సంస్థ ఫుకుషిమా ప్రాంతంలో పరీక్షించింది.

న్యూట్రాన్ల కథ వేరు. పొటాష్ నుంచి అవి రావు. ప్లుటోనియం, కాలిఫోర్నియం-252 లాంటివాటి నుంచి వస్తాయి. సీసం పెట్టెలో దాస్తే గామా చాలావరకు ఆగుతుంది గానీ న్యూట్రాన్ ఆగదు. పోర్టల్ మానిటర్లలో న్యూట్రాన్లను పట్టేందుకు హీలియం-3 అనే వాయువు వాడేవారు. అది అణుబాంబుల కోసం చేసిన ట్రీషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) క్షయించగా వచ్చేది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా ఈ మానిటర్లు పెద్దఎత్తున కొనడంతో 2008-09 నాటికి కొరత పడింది. దాంతో స్టిల్బీన్ లాంటి స్ఫటికాల మీద దృష్టి పెరిగింది. న్యూట్రాన్ తగిలితే వచ్చే మెరుపు, గామా తగిలిన మెరుపు కంటే నెమ్మదిగా ఆరుతుంది. ఆ తేడాతో ఒకే పరికరం రెండింటినీ వేరు చేస్తుంది. బొమ్మ తేలాలంటే మాత్రం ఒకే న్యూట్రాన్ ఆ స్ఫటికాల్లోని హైడ్రోజన్‌ను రెండుచోట్ల గుద్దాలి. అలా తగిలేవి కొన్నే కాబట్టి, గామా బొమ్మ కంటే ఎక్కువసేపు కాచుకోవాల్సి వస్తుంది.