వికలాంగుల ఉద్యమంలో తర్వాతి తరం నాయకులు ఎక్కడి నుంచి వస్తారు?

ఏటా డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవం జరుగుతుంది. శాలువాలు కప్పుతారు, ప్రశంసాపత్రాలు ఇస్తారు, ఫొటోలు దిగుతారు. ఉద్యమంలో కొత్తగా ఎదుగుతున్నవాళ్లను గుర్తించడం మన దగ్గర చాలావరకు అక్కడితో ఆగిపోతోంది. ఇన్నాళ్లూ ఈ ఉద్యమానికి నాయకులు ఎలా దొరికారో చూస్తే, వాళ్లకు నిజంగా అక్కరకొచ్చినవి వేరే అని తెలుస్తుంది.

మన దేశంలో వికలాంగుల పేరుతో పనిచేసిన సంస్థలు చాలాకాలం సేవా సంస్థలే. వాటికి భిన్నంగా అంధుల సంఘాలు ఉద్యోగాల కోసం ముందే రోడ్డెక్కాయి. 1980 మార్చిలో ఢిల్లీలో ఊరేగింపు తీసిన అంధుల మీద పోలీసులు లాఠీచార్జి చేశారు. రకరకాల వైకల్యాలున్నవాళ్లంతా కలిసి హక్కులు అడగడం మాత్రం 1990లలోనే ఊపందుకుంది. 1995 డిసెంబరు 19న వాళ్లు పార్లమెంటు ముందు నిరసనకు దిగారు. మూడు రోజుల్లోనే వికలాంగుల చట్టం ఆమోదం పొందింది.

ఆ పోరాటంలో ముందున్న మనిషి జావేద్ అబిదీ. 1965లో అలీగఢ్‌లో పుట్టారు. పుట్టుకతోనే వెన్నెముక లోపం ఉంది, వీల్‌చైర్‌లోనే తిరిగేవారు. విమానం ఎక్కాలంటే సిబ్బంది మనిషిని మూటలా ఎత్తుకుని మెట్లెక్కించే రోజులవి. దానిమీద ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1998లో కోర్టు విమానాశ్రయాల్లో సదుపాయాల సంగతి తేల్చడంతో పాటు, 80 శాతం, ఆపైన చలన వైకల్యం ఉన్నవాళ్లకు ఇండియన్ ఎయిర్‌లైన్స్ టికెట్‌లో రాయితీ ఇవ్వమంది. 1991 జనగణనలో వికలాంగుల లెక్కే తీయలేదు. ఆయనా సహచరులూ గట్టిగా పట్టుబట్టాకే 2001లో ఆ ప్రశ్న చేరింది, 2.19 కోట్ల మంది ఉన్నారని తేలింది.

జావేద్ ధైర్యం ఎవరూ ఇచ్చింది కాదు. అయితే ఆయనకు చదువుకున్న కుటుంబం ఉంది. వీల్‌చైర్‌తో ఎక్కడికైనా వెళ్లగలిగే అమెరికన్ యూనివర్సిటీలో చదివే అవకాశం దొరికింది, ఢిల్లీలో పరిచయాలూ ఉన్నాయి. ఇవేవీ లేని ఊళ్లో అంత చురుకైన అమ్మాయే ఉంటే ఏమవుతుంది? నన్ను ఎప్పుడూ బాధపెట్టే ప్రశ్న ఇది.

దీనికి జవాబు కొంతవరకు తెలుగు నేల మీదే దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం అనే గ్రామీణ పేదరిక నిర్మూలన పథకాల కింద గ్రామాల్లో వికలాంగుల సంఘాలు, వాటిపైన మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. ఇల్లు దాటని ఆడపిల్లలు సంఘం మీటింగ్‌లో లేచి మాట్లాడటం, తీర్మానం రాయడం, పక్కింటి బాబుకు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం అధికారిని నిలదీయడం అక్కడే నేర్చుకున్నారు. మరోపక్క వికలాంగుల హక్కుల పోరాట సమితి లాంటివి పింఛను కోసం ధర్నాలు చేశాయి. రాష్ట్రం విడిపోయే నాటికి 500 రూపాయలున్న పింఛను ఇప్పుడు తెలంగాణలో 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 అయింది. అది పోరాడి పెంచుకున్నది. దాన్ని దయగా చెప్పుకునేవాళ్లను చూస్తే కోపం వస్తుంది.

ఇంతా జరిగాక కూడా మండల స్థాయి దాటి పైకి వచ్చినవాళ్లు తక్కువ. కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు వెళ్లాలంటే మామూలు మనిషికి బస్ టికెట్ చాలు. క్రచ్‌లతో నడిచే మహిళకు ఆటో కావాలి, తోడు ఒకరు కావాలి, ఆ తోడు మనిషి కూలి పోతుంది. బధిరులకు సైగల భాషలో చెప్పేవాళ్లు లేకపోతే మీటింగ్‌కు వెళ్లీ ఉపయోగం లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది, సలహా మండళ్లలో వికలాంగ ప్రతినిధులకు చోటిచ్చింది. ఆ కుర్చీదాకా చేరే ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న టెన్షన్ మాత్రం వాళ్లకే మిగిలింది.

రాజకీయాల్లో తలుపులు ఇంకా బిగుసుకుని ఉన్నాయి. కుష్ఠు ఉన్నవారు మున్సిపల్ పదవికి అనర్హులనే అప్పటి ఒడిశా చట్ట నిబంధనను 2008లో సుప్రీంకోర్టే సమర్థించింది. పోలియోతో ఊతకర్రల మీద నడుస్తూ కేంద్రమంత్రి అయిన ఎస్. జైపాల్‌రెడ్డి లాంటివాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే.

2018 మార్చిలో 52 ఏళ్లకే జావేద్ కన్నుమూశారు. ఆయన నడిపిన సంస్థ ఇప్పుడు ఆయన పేరుతో యువ వికలాంగులకు ఫెలోషిప్ ఇస్తోంది. తమిళనాడు అయితే 2025 ఏప్రిల్‌లో స్థానిక సంస్థల్లో వికలాంగులను సభ్యులుగా నామినేట్ చేసేలా చట్టం తెచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో మండల సమాఖ్యల్లో పనిచేసి రాటుదేలినవాళ్లు ఉన్నారు. పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో అలాంటి సీటు, దానితోపాటు తోడు మనిషి భత్యం, సైగల భాషా అనువాదకుడు, అంధులూ చదవగలిగే రూపంలో ఫైళ్లు ఇమ్మని మన అసెంబ్లీలను ఇప్పుడే అడగాలి.